యాప్‌లో పేజీలు పెరుగుతున్నాయి, వాడేవాళ్లు తగ్గుతున్నారు. ఎక్కడ కోత పెట్టాలి?

కోడ్_కిమిడి (పర్లాకిమిడి)

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి. గజపతి జిల్లాలో గోసాని, కాశీనగర్, గుమ్మా బ్లాకుల్లో గర్భిణుల ఫాలో అప్ కోసం మా చిన్న టీమ్ ఒక ఆండ్రాయిడ్ యాప్ చేస్తోంది. మొదట అనుకున్నది చాలా తక్కువ. బీపీ, హిమోగ్లోబిన్, బరువు, చివరి నెలసరి తేదీ ఎక్కించాలి, ఏదైనా తేడాగా కనిపిస్తే సీహెచ్‌సీలో (బ్లాకు స్థాయి ప్రభుత్వ ఆసుపత్రి) ఉన్న డాక్టరుకి కబురు పోవాలి, అంతే. ఆ తర్వాత డబ్బులిచ్చే సంస్థవాళ్లు ఆభా నంబరు (ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు) లేకపోతే ఎలా అన్నారు. ఒక మీటింగులో సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) స్క్రీనింగ్ కూడా ఇందులోనే కలిపేయమన్నారు, ఇంకో మీటింగులో టీబీ లక్షణాల ప్రశ్నలు వచ్చి చేరాయి, ఎలాగూ తల్లి వివరాలు ఉన్నాయి కదా బిడ్డ టీకాలు కూడా పెట్టేయండి అని మరొకరు. విడివిడిగా చూస్తే ఏ ఒక్కరి మాటా తప్పు కాదు, అందుకే కాదనలేకపోతున్నాం.

ఇప్పుడు కొత్త గర్భిణి పేరు ఎక్కించాలంటే స్క్రీన్ తర్వాత స్క్రీన్ దాటుకుంటూ పోవాలి. గుమ్మా కొండ ఊళ్లలో సిగ్నల్ ఉండదు కాబట్టి అంతా ఆఫ్‌లైన్‌లో నడవాలి, కిందికి దిగాక సర్వర్‌తో సింక్ అవ్వాలి. ఆ సింక్‌లో ఒకే మనిషి రెండు మూడు సార్లు వచ్చి కూర్చుంటోంది. ఒడియా, తెలుగు, సవర మూడు భాషలవాళ్లూ ఉన్నారు. సర్వర్ లాగ్ చూస్తే ఎంట్రీలన్నీ రాత్రి తొమ్మిది దాటాకే పడుతున్నాయి, అంటే పగలు రిజిస్టర్‌లో రాసుకుని ఇంటికెళ్లి ఎక్కిస్తున్నారన్నమాట. అలాంటప్పుడు పగలు మోగాల్సిన అలర్టుకి అర్థమేముంది?

ఆర్కిటెక్చర్ మార్చాలా, మైక్రో సర్వీసులుగా, అంటే చిన్న చిన్న వేర్వేరు ప్రోగ్రాములుగా, విడగొట్టాలా, ఫీచర్లు పీకేయాలా? ఇలాంటివి చేసినవాళ్లు, ఇలాంటివి వాడి విసిగిపోయినవాళ్లు, ఇద్దరూ చెప్పండి.

బరంపురం_బుల్లోడు (బరంపురం)

గూగుల్ ఫారం ఒకటి, వాట్సాప్ గ్రూపు ఒకటి. దండం పెట్టి చెప్తున్నా గురూ, మిగతాదంతా మీ సరదా. మైక్రో సర్వీసులట! ఉన్న కుర్రాళ్ల కంటే సర్వీసులే ఎక్కువైపోతాయి.

వంశధార_ఒడ్డు (గుణుపూర్)

మైక్రో సర్వీసుల విషయంలో బుల్లోడితో నేనూ ఉన్నా. ఒకే సర్వర్, ఒకే డేటాబేస్, లోపల మాడ్యూళ్లు శుభ్రంగా విడదీసుకుంటే మూడు బ్లాకులకి చాలు. వాట్సాప్ మాటకి మాత్రం ఒప్పుకోను. ఎవరికి ఏ జబ్బుందో గ్రూపులో పడేశాక ఆ గ్రూపులో ఎవరున్నారో అడ్మిన్‌కే గుర్తుండదు, బదిలీ అయి పోయినవాళ్లు కూడా అందులోనే ఉంటారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. వివరం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి సమ్మతి తీసుకోవాలని అందులో ఉంది, వాట్సాప్‌లో ఆ ముక్క చెప్పే చోటే లేదు.

సబ్‌సెంటర్_సిస్టర్ (కాశీనగర్ బ్లాకు)

రాత్రి తొమ్మిది తర్వాత ఎక్కించేవాళ్లలో నేనూ ఒకదాన్ని కాబట్టి చెప్తున్నా. మీ యాపో కాదో తెలీదు గానీ ఇలాంటిదే ఒకటి మా ఫోన్‌లో ఉంది.

మమతా దివస్ రోజు ఎలా ఉంటుందో చూశారా తమ్ముడూ? అంగన్‌వాడీ వరండా. ఒక పక్క పిల్లల తూకం, ఒక పక్క టీకాలు, నా ముందు గర్భిణులు బెంచీ మీద. చేతికి గ్లౌజు, వేలికి సూది గుచ్చి చుక్క తీసి హెచ్‌బీ (హిమోగ్లోబిన్) మీటర్‌లో పెట్టాలి, అది చూపించేలోపు ఇంకొకామెకి బీపీ పట్టీ కట్టాలి. ఎండలో ఫోన్ స్క్రీన్ కనిపించదు. గ్లౌజుతో నొక్కితే తీసుకోదు. రిజిస్టర్‌లో ఒక గీత గీసి అడ్డంగా రాసుకుంటూ పోతే పని అయిపోతుంది, ఫోన్ తీస్తే బెంచీ మీదున్నవాళ్లు లేచి వెళ్లిపోతారు.

ఇంకొకటి. మా యాప్‌లో భర్త మొబైల్ నంబరు నింపకపోతే ముందుకి పోదు. సగం మంది భర్తలు చెన్నైలోనో కేరళలోనో పనికి పోయుంటారు, నంబరు మారిపోతూ ఉంటుంది, ఆవిడకి నోటికి రాదు. ఏం చేస్తాం, పది తొమ్మిదులు కొడతాం. ఇప్పుడు మా సబ్‌సెంటర్ పరిధిలో భర్తలందరిదీ ఒకటే ఫోన్ నంబరు.

ఇదంతా ఒక ఎత్తు. గర్భిణి వివరాలు ఆర్‌సీహెచ్ పోర్టల్‌కి ఎలాగూ పోవాలి, టీకాలు యూ-విన్‌లో, టీబీ అయితే నిక్షయ్‌లో, బీపీ షుగర్లకి ఎన్‌సీడీ పోర్టల్, జ్వరాల లెక్కకి ఐహెచ్ఐపీ. అవి తప్పవు, పై నుంచి అడుగుతారు. మీది వాటి మీద ఇంకొకటి. మీరు ఎంత మంచిగా చేసినా నాకది ఇంకొక ఎంట్రీయే.

కోడ్_కిమిడి

అక్కా, ఇది మా మీటింగుల్లో ఎవరూ చెప్పలేదు. ఒకటే ప్రశ్న. బెంచీ దగ్గరే, అప్పటికప్పుడు, ఫోన్‌లో ఎక్కించగలిగేది ఏదైనా ఉందా? ఏదీ లేదన్నా పర్లేదు.

సబ్‌సెంటర్_సిస్టర్

ఉంది. తేడాగా ఉన్న మనిషిది. పాతికమందిలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్ల పేరు, అంకె, ఒక బటన్. అంతకు మించి అడగొద్దు. మిగతావాళ్లవి రాత్రి ఎక్కిస్తాం, దానికి మమ్మల్ని ఆలస్యం అని ఎర్ర గీత పెట్టకండి.

పాత_ఎంవో (బరంపురం)

సిస్టర్ గారు చెప్పిన బటన్ దగ్గరే మీ యాప్ మొత్తం ఉంది. అయితే ఆ బటన్‌కి అవతల ఎవరున్నారనేది కూడా చూడండి.

నేను సీహెచ్‌సీలో ఉన్నప్పుడు ఒక ప్రాజెక్టువాళ్లు హెచ్‌బీ 11 కంటే తగ్గితే డాక్టరుకి మెసేజ్ వచ్చేలా పెట్టారు. పుస్తకం ప్రకారం అది సరైనదే, గర్భిణికి 11 కంటే తక్కువుంటే రక్తహీనతే. కానీ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో, 2019-21లో, దేశం మొత్తం మీద గర్భిణుల్లో 52.2 శాతం రక్తహీనత ఉన్నవాళ్లే. అంటే సగం మందికి పైగా అలర్టు. వారం తిరక్కుండానే ఆ మెసేజ్‌లు మ్యూట్‌లోకి పోయాయి, వాటితో పాటు నిజంగా భయపడాల్సినవి కూడా. అందుకే అలర్టుని విడగొట్టండి: 7 కంటే తక్కువైతే డాక్టరుకి, 7 నుంచి 10 లోపు ఉంటే సిస్టర్‌కి గుర్తు చేయడం, ఆపైన మాత్రలు సరిగ్గా వేసుకుంటోందా అని ఆశా దీదీకి. బీపీ 140/90 దాటితే మాత్రం ఎవరి అంచనాకీ వదలొద్దు.

తర్వాత ప్రసవ తేదీ. చివరి నెలసరి ఎప్పుడమ్మా అంటే "సంక్రాంతి వెళ్లాక" అంటుంది. యాప్‌కి తేదీ కావాలి, సిస్టర్ జనవరి 20 వేస్తుంది. దానికి 280 రోజులు కలిపి యాప్ ఒక తేదీని ధీమాగా చూపిస్తుంది. మూడో నెలలోపు స్కానింగ్ చేయించుకుంటే ఆ తేదీని నమ్మొచ్చు, ఎనిమిదో నెల స్కానింగ్ రెండు మూడు వారాలు అటూ ఇటూ అవుతుంది. చాలా యాప్‌లు కొత్త తేదీ రాగానే పాతదాన్ని చెరిపేస్తాయి, అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడకుండా. మన ఒడిశాలో కొండ ఊళ్ల ఆడవాళ్లని కాన్పుకి ముందే తెచ్చి ఉంచడానికి ‘మా గృహ’ అనే వసతి ఇళ్లు ఉన్నాయి కదా. తేదీ తప్పితే ఆవిడ మరీ ముందొచ్చి ఇంటి మీద బెంగతో వెళ్లిపోతుంది, లేదా దారిలో కాన్పవుతుంది. రెండు తేదీలూ ఉంచండి, ఏది నెలసరి లెక్క, ఏది ఎన్నో వారం స్కాన్ అనేది పక్కన రాయండి.

వంశధార_ఒడ్డు

ఒకే మనిషి రెండు సార్లు రావడం గురించి నాకు తెలిసింది చెప్తా, ఎందుకంటే మన బోర్డర్‌లో అది పెద్ద తలనొప్పి.

ముందు ఊళ్ల సంగతి. రాయగడ అంటే మా జిల్లా. గజపతి జిల్లాలో రాయగడ అని ఒక బ్లాకు కూడా ఉంది. ఉదయగిరి అంటే మీ ఆర్. ఉదయగిరి, కంధమాల్‌లో జి. ఉదయగిరి. ఊరి పేరు టైపు చేయనిస్తే ఎవరి గర్భిణి ఎవరి జిల్లాలో తేలుతుందో ఆ దేవుడికే తెలియాలి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖవారి లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్లు ఉన్నాయి, ప్రతి గ్రామానికీ ఒక నంబరు. ఆ పట్టికని ఫోన్‌లో ముందే వేసేయండి, సిస్టర్ లాగిన్ అయితే ఆమె సబ్‌సెంటర్ ఊళ్లు మాత్రమే కనిపించాలి. పల్లెలు, గుడాలకి కోడ్ ఉండదు, వాటిని గ్రామం కింద మీ సొంత పేర్లతో తగిలించుకోవచ్చు.

తర్వాత పేరు. మన తెలుగువాళ్లకి ఇంటిపేరు ముందు, ఒడియావాళ్లకి వెనక. ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, మమతా కార్డులో ఇంకొకటి. పేరు కలిసిందని ఆటోమేటిగ్గా రెండు రికార్డులు కలిపేయకండి, ఇద్దరు మనుషుల బీపీలు ఒకరి కిందికి వచ్చేస్తే డూప్లికేట్ కంటే అది ప్రమాదం. ఫోన్‌లోనే ప్రతి మనిషికీ ఒక యూయూఐడీ, అంటే ఇంకెవరికీ రాని గుర్తింపు నంబరు, ఇచ్చేయండి, సర్వర్‌లో "వీళ్లిద్దరూ ఒకరేనా" అని ఒక లిస్టు తయారవ్వాలి, ఆ ఊరు తెలిసినవాళ్లు చూసి కలపాలి, కలిపింది విడదీసే దారి కూడా ఉండాలి.

మూడోది రెండు రాష్ట్రాలు. కొటియా పంచాయతీ సంగతి అందరికీ తెలిసిందే, ఆ 21 ఊళ్ల కోసం అటు ఆంధ్ర, ఇటు ఒడిశా దశాబ్దాలుగా పోట్లాడుకుంటున్నాయి. అక్కడ ఒకే మనిషికి రెండు రాష్ట్రాల కార్డులు ఉంటాయి, రెండు వైపుల నుంచీ ఆరోగ్య సిబ్బంది వస్తారు. రెండు లిస్టుల్లోనూ ఆవిడ ఉంటుంది. ఇది మీరు సాఫ్ట్‌వేర్‌తో పరిష్కరించే గొడవ కాదు. "ఇంకో చోట కూడా చూపించుకుంటోంది" అని ఒక గుర్తు పెట్టుకుంటే చాలు.

సబ్‌సెంటర్_సిస్టర్

కొటియా దాకా ఎందుకు, తొలి కాన్పుకి పుట్టింటికి పోవడం ఉంది కదా. మా దగ్గర కోడలు ఏడో నెలలో పాతపట్నమో కొత్తూరో వెళ్లిపోతుంది. కాన్పు అక్కడి ఆసుపత్రిలో, ఆంధ్రాలో. బిడ్డని ఎత్తుకుని నాలుగు నెలలకి తిరిగొస్తుంది. ఈ మధ్య కాలమంతా మా యాప్ ఆవిణ్ని "విజిట్ తప్పింది, విజిట్ తప్పింది" అని ఎర్రగా చూపిస్తుంది. ఆశా దీదీకి మీటింగులో చీవాట్లు. ఆవిడ ఎక్కడుందో దీదీకి తెలుసు, అత్తకి తెలుసు, ఊరందరికీ తెలుసు, ఒక్క యాప్‌కి తప్ప. "పుట్టింటికి వెళ్లింది, ఫలానా ఊరు" అని చెప్పుకునే చోటు అందులో లేదు మరి.

కోడ్_కిమిడి

ఈ ఒక్కటి రాసిపెట్టుకున్నా అక్కా. మా డేటాబేస్‌లో "యాక్టివ్", "డెలివరీ అయింది", "డ్రాప్ అవుట్" అనే మూడే ఉన్నాయి. పుట్టింటికి పోయినవాళ్లంతా డ్రాప్ అవుట్ లెక్కలో పడుతున్నారు.

సిరొంచ_బాబాయ్ (సిరొంచ, గడ్చిరోలి)

మా వైపు కథా ఇదే, రాష్ట్రం పేరు మార్చుకోండి. సిరొంచలో ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ, లోపలి ఊళ్లలో మాడియా గోండి. జబ్బు చేస్తే నది దాటి మంచిర్యాల, వరంగల్ పోతారు, గడ్చిరోలి మాకు అంతకంటే దూరం అనిపిస్తుంది.

ఫోన్ల సంగతి వస్తే, 2021లో మహారాష్ట్రలో అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లు మూటగట్టి వాపసు ఇచ్చేశారు, పేపర్లలో కూడా వచ్చింది. 2 జీబీ ర్యామ్ ఫోన్లు, వాటిలో పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్ బరువుకి కదలదు, యాప్ చూస్తే ఇంగ్లీషులో. ఆ ఆడవాళ్లు టెక్నాలజీ వద్దనలేదు, మరాఠీలో ఇవ్వండి, పనిచేసే ఫోన్ ఇవ్వండి అన్నారు. కోర్టు దాకా వెళ్లింది. చేసేవాళ్ల కంప్యూటర్ మీద అన్నీ బాగానే ఉంటాయి. మీరు మీ యాప్‌ని మీ ఫోన్‌లో కాకుండా, వాట్సాప్ ఫొటోలతో నిండిపోయిన ఆశా దీదీ ఫోన్‌లో నడిపి చూడండి ముందు.

ఇంకో ముక్క. మా జిల్లాలోనే సెర్చ్ అనే సంస్థ ఉంది, అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పెట్టింది. 39 ఊళ్లలో చదువు అంతంతమాత్రం ఉన్న ఆడవాళ్లకి శిక్షణ ఇచ్చి ఇంటి దగ్గరే పసిబిడ్డల్ని చూసుకునేలా చేశారు, 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆ ఫలితాలు అచ్చయ్యాయి, నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. 2011 నుంచి దేశమంతా ఆశాలు ఇళ్లకెళ్లి బిడ్డని చూసే పద్ధతికి మూలం అదే. ఏ రోజు వెళ్లాలి, ఏం చూడాలి, ఏది కనిపిస్తే ఏం చేయాలి అనేది కాగితం మీద గట్టిగా నడిచాక, దాన్ని ఫోన్‌లోకి ఎక్కించడం ఎవరికైనా సాధ్యమే. కాగితం మీద నడవని పనిని ఫోన్‌లో పెడితే నడుస్తుందనుకోవడం దగ్గరే నాకు అనుమానం.

బరంపురం_బుల్లోడు

బాబాయ్ చెప్పింది నా గూగుల్ ఫారం సిద్ధాంతమే, కాస్త మర్యాదగా. సరే, సొంతంగా రాయడం ఎందుకు అని సీరియస్‌గానే అడుగుతున్నా. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్లే ఉన్నాయి, డీహెచ్ఐఎస్2 ఉంది, కామ్‌కేర్ ఉంది, బాహ్మ్ని ఉంది, మనదేశంలోనే చేసిన అవ్ని ఉంది. ఆఫ్‌లైన్, సింక్, భాషలు అన్నీ వాళ్లు ఇప్పటికే తలలు పగలగొట్టుకుని చేసి పెట్టారు. మీరు మళ్లీ మొదటి నుంచి ఎందుకు?

వంశధార_ఒడ్డు

ఈసారి మంచి ప్రశ్న. ఆసుపత్రి లోపల నడిచేదైతే బాహ్మ్ని, లెక్కలు కూడేసి పైకి పంపడానికి డీహెచ్ఐఎస్2, ఊరూరా తిరిగేవాళ్లకి కామ్‌కేర్ లేదా అవ్ని. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేనైనా అదే చెప్తా. కాకపోతే అవి తీసుకున్నా గజిబిజి పోదు, చోటు మారుతుంది. కోడ్‌లో ఉండేది ఫారం సెట్టింగుల్లోకి వస్తుంది, "ఇది ఉంటే అది చూపించు, అది లేకపోతే ఇది దాచు" అని వందల నియమాలు పేరుకుపోతాయి, వాటికి టెస్టులు ఎవరూ రాయరు. కిమిడి వాళ్లది ఇప్పటికే నడుస్తోంది కాబట్టి ఇప్పుడు పడగొట్టి కట్టమని చెప్పను.

జయపురం_ల్యాబ్ (జయపురం, కొరాపుట్)

సికిల్ సెల్ గురించి ఒక్కరూ మాట్లాడలేదు, నేను మాట్లాడతా. 2023 జూలై 1న జాతీయ మిషన్ మొదలైంది, 2047 నాటికి నిర్మూలించాలని లక్ష్యం, నలభై ఏళ్ల లోపువాళ్లు ఏడు కోట్ల మందిని పరీక్షించాలన్నది లెక్క. అందుకే ప్రతి యాప్‌లోనూ "సికిల్ సెల్: అవును/కాదు" అని ఒక గడి వచ్చి చేరుతోంది. ఆ గడే తప్పు.

ఊళ్లో చేసేది సాల్యుబిలిటీ టెస్టు. గొట్టంలో రసాయనం, అందులో రక్తం చుక్క, వెనకాల గీతలున్న కాగితం పెట్టి చూస్తాం, గీతలు మసకగా కనిపిస్తే పాజిటివ్. అది సికిల్ హిమోగ్లోబిన్ ఉందని మాత్రమే చెప్తుంది. ఆవిడ కేవలం వాహకురాలా (లోపం మోస్తూ జబ్బు లేని మనిషి), లేక జబ్బే ఉందా అనేది ఎలక్ట్రోఫోరెసిస్ లేదా హెచ్‌పీఎల్‌సీ చేస్తే గానీ తేలదు. ఆ శాంపిల్ పెద్ద ల్యాబ్‌కి పోవాలి, ఫలితం ఎప్పటికో వస్తుంది. ఈలోపు యాప్‌లో "అవును" అని పడిపోతుంది. వాహకురాలికి మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు, అయినా ఊళ్లో ఆ మాట పాకితే ఇంట్లో పెళ్లికి ఉన్న చెల్లెలి సంబంధం ఆగిపోతుంది.

కాబట్టి "పరీక్ష చేయలేదు", "స్క్రీనింగ్ పాజిటివ్, నిర్ధారణ రావాలి", "వాహకురాలు", "జబ్బు ఉంది", "లేదు", కనీసం ఈ అయిదు స్థితులు కావాలి, ఎవరు చూడొచ్చో వేరే తాళం కావాలి. ఆశా దీదీ ఆ ఊరి కోడలే, ఆవిడ ఫోన్‌లో పక్కింటి వాళ్ల సికిల్ ఫలితం ఎందుకు కనిపించాలి? ఇంత చేయలేమనుకుంటే ఆ గడి తీసేయండి. సగం పెట్టడం కంటే లేకపోవడం నయం.

పాత_ఎంవో

జయపురం బాబు చెప్పిన దాన్నే పట్టుకుని కాస్త వెనక్కి జరిగి చూద్దాం. 2017లో ఆక్స్‌ఫర్డ్‌లో ట్రిషా గ్రీన్‌హాల్ బృందం ఒక చట్రం ఇచ్చింది, దాన్ని నాస్ అంటారు. ఆరోగ్యంలో టెక్నాలజీలు ఎందుకు వాడుకలోకి రావు, వచ్చినవి ఎందుకు మధ్యలో ఆగిపోతాయి అని చూశారు. జబ్బు, పరికరం, దానివల్ల ఎవరికి లాభం, వాడేవాళ్లు, సంస్థ, బయటి వ్యవస్థ, కాలంతో పాటు ఇది మారగలదా లేదా, ఇలా ఏడు. ఒక్కొక్కటీ సులువైనదా, చిక్కుగా ఉన్నదా, అసలు ఊహకే అందనిదా అని గుర్తు పెట్టుకోవాలి. చాలా గళ్లలో మూడోది పడితే ఆ పథకం నిలదొక్కుకోవడం అరుదు అంటారు.

మీ యాప్ పెట్టి చూడండి. గర్భిణి బీపీ, దానికి పద్ధతి ఖాయంగా ఉంది, సులువు. సికిల్ వచ్చేసరికి జబ్బు గడిలోనే చిక్కు మొదలు. లాభం ఎవరికి అంటే జిల్లా ఆఫీసుకి లెక్క, డబ్బులిచ్చేవాళ్లకి రిపోర్టు, సిస్టర్‌కి ఇంకొక ఎంట్రీ. బయటి వ్యవస్థ రెండు రాష్ట్రాలు. మీరు కోడ్‌ని ఎంత అందంగా రాసినా ఈ మూడు గళ్లూ అలాగే ఉంటాయి.

బరంపురం_బుల్లోడు

డాక్టర్ గారూ, మీ మీద గౌరవంతోనే, ఆక్స్‌ఫర్డ్ లెక్క కాశీనగర్ వరండాకి ఎంతవరకు?

పాత_ఎంవో

ఇంగ్లండ్ వాళ్లు 2002లో ఆసుపత్రులన్నిటికీ కలిపి ఒకే ఐటీ పథకం మొదలుపెట్టి వందల కోట్ల పౌండ్లు పోశారు, 2011లో దాన్ని విడగొట్టేస్తున్నామని ప్రకటించారు. డబ్బు, ఇంజనీర్లు, కరెంటు, నెట్ అన్నీ ఉన్నాయి. కానీ అక్కడి డాక్టర్లు, నర్సులు ఎలా పని చేస్తారనేది పైన కూర్చున్నవాళ్లు తేల్చేశారు. ఆ ఒక్క ముక్కకి కాశీనగర్ అయినా లండన్ అయినా ఒకటే నాయనా.

వంశధార_ఒడ్డు

సింక్ గురించి ఒకటి మిగిలింది. కిమిడి తమ్ముడూ, ఒకే రికార్డుని రెండు ఫోన్లు మారిస్తే ఎవరిది నిలుస్తుంది మీ దగ్గర?

కోడ్_కిమిడి

చివర వచ్చిందే నిలుస్తుంది.

వంశధార_ఒడ్డు

అదే భయం. ఆశా దీదీ సోమవారం కొండ మీద 120/80 రాసింది, సిగ్నల్ లేదు. బుధవారం సిస్టర్ 150/100 చూసి ఎక్కించింది, వెంటనే సర్వర్‌కి పోయింది. గురువారం దీదీ కిందికి దిగింది, ఆమె ఫోన్ సింక్ అయింది. ఇప్పుడు సర్వర్‌లో ఎంత ఉంది? 120/80. అలర్టు ఆరిపోయింది.

బీపీ చూడటం అనేది జరిగిపోయిన సంగతి, దాన్ని మార్చేది ఏముంది? బ్యాంకు పాస్‌బుక్‌లో లాగా వరుసలు కలుపుతూ పోవాలే గానీ పాత వరుస మీద కొత్తది రాయకూడదు. ప్రతి వరుసకీ మూడు సమయాలు: చూసింది ఎప్పుడు, ఫోన్‌లో ఎక్కించింది ఎప్పుడు, సర్వర్‌కి చేరింది ఎప్పుడు. సిస్టర్ రాత్రి తొమ్మిదికి ఎక్కించినా "ఉదయం పదకొండుకి చూశాను" అని ఉంటే ఆవిడ మీద ఆలస్యం ముద్ర పడదు. ఫోన్ గడియారం తప్పుగా ఉన్నా పట్టుకోవచ్చు. ఇది చేస్తే మీ సింక్ కోడ్ సగం తగ్గిపోతుంది, ఎందుకంటే తగువే ఉండదు.

డాక్టర్ గారు చెప్పిన 7, 10, 140/90 అంకెల్ని యాప్ కోడ్‌లో రాయకండి. సర్వర్‌లో ఒక పట్టిక, ఏ తేదీ నుంచి అమలు, ఏ డాక్టరు ఒప్పుకున్నారు అనేది పక్కన. రేపు మార్గదర్శకం మారితే యాప్ కొత్త ఫైలు (ఏపీకే) దించుకోమని దీదీల వెంట పడనక్కర్లేదు.

ఆభా నంబరు ఉంటే తీసుకోండి, లేకపోతే ఖాళీ. 14 అంకెలు, అది ఐచ్ఛికం, ఎవరినీ బలవంతం చేయకూడదు. ఎఫ్‌హెచ్ఐఆర్ (ఆరోగ్య వివరాలు ఇచ్చిపుచ్చుకునే ప్రమాణం) రూపంలోకి మార్చడం, ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌కి కలపడం లాంటివి సర్వర్ అంచున వేరే మాడ్యూల్‌గా ఉంచండి. ఆ ప్రమాణం మారినా లోపలి బీపీ వరుస మారకూడదు. ఆర్‌సీహెచ్ రిజిస్టర్‌లో ఏ వరుసలో అడుగుతారో అదే వరుసలో మీ యాప్ నుంచి ఒక పేజీ ప్రింటు వస్తే సిస్టర్‌కి కనీసం రెండోసారి వెతుక్కునే బాధ తప్పుతుంది.

సబ్‌సెంటర్_సిస్టర్

ఆ ప్రింటు పేజీ ఇచ్చిన రోజు మీకు ఇడ్లీ, అల్లం చట్నీ నా ఖర్చు.

కోడ్_కిమిడి

అందరివీ రాసుకుని నిన్న టీమ్‌తో కూర్చున్నాం. తేలింది చెప్తా, తప్పుంటే తిట్టండి.

మొదటి స్క్రీన్‌లో ఒకటే బటన్: తేడా ఉంది. పేరు, బీపీ లేదా హెచ్‌బీ, అంతే, రెండు కాలమ్స్. మిగతా ఫారం మొత్తం "తర్వాత ఎక్కిస్తా" కిందికి పోయింది, అందులో తప్పనిసరి గళ్లు పేరు, ఊరు, నెలసరి తేదీ మాత్రమే, తేదీకి "సుమారుగా" అనే టిక్ ఉంటుంది. భర్త నంబరు ఐచ్ఛికం. "పుట్టింటికి వెళ్లింది" అనే స్థితి వస్తోంది, ఊరి పేరుతో, ఆ నెలలకి ఎర్ర గీత ఉండదు. బీపీ, హెచ్‌బీ వరుసలు ఇకపై చెరగవు. టీబీ ప్రశ్నలు, పిల్లల టీకాలు తీసేస్తున్నాం, వాటికి ప్రభుత్వ యాప్‌లు ఉన్నాయి, మనం ఇంకోసారి అడగడం దేనికి. సికిల్ గడి ప్రస్తుతానికి తీసేశాం, జయపురం అన్న చెప్పిన అయిదు స్థితులు, వేరే తాళం తయారయ్యాకే మళ్లీ పెడతాం. డబ్బులిచ్చేవాళ్లు దీనికి ఒప్పుకుంటారో లేదో, శుక్రవారం మీటింగు. ఈ థ్రెడ్‌నే పేర్లు లేకుండా ప్రింటు తీసి పట్టుకెళ్తున్నా.

పాత_ఎంవో

బాగుంది. ఆ బటన్ నొక్కితే ఎవరి ఫోన్ మోగుతుంది?

కోడ్_కిమిడి

సీహెచ్‌సీలో ఉన్న మెడికల్ ఆఫీసర్ గారిది సార్. నంబరు సెట్టింగ్స్‌లో ఉంది.

పాత_ఎంవో

మనిషి నంబరు పెట్టొద్దు. ఆయనకి బదిలీ అవుతుంది, సెలవు పెడతాడు, ఒక్కోసారి ఆ పోస్టే ఖాళీగా ఉంటుంది. డ్యూటీ రోస్టర్‌కి కట్టండి. అరగంటలో ఎవరూ చూశామని నొక్కకపోతే రెండో నంబరుకి, అక్కడా లేకపోతే తిరిగి సిస్టర్‌కే "ఎవరూ ఎత్తలేదు, 108 పిలవండి" అని రావాలి. ఆవిడ నొక్కి ఊరుకుంటే పని అయిపోయిందనుకుంటుంది, అది ఏ బటన్‌ లేకపోవడం కంటే ప్రమాదం.

సిరొంచ_బాబాయ్

ఈ డాక్టర్ గారిని ఆ శుక్రవారం మీటింగుకి తీసుకెళ్లండి.

సబ్‌సెంటర్_సిస్టర్

ఇంకొకటి మర్చిపోయా తమ్ముడూ. లాగిన్‌కి ఓటీపీ తీసేయండి. గుమ్మా వైపు వెళ్లినప్పుడు ఓటీపీ మెసేజ్ సాయంత్రం కిందికి దిగాక వస్తుంది, అప్పటికి దాని టైమ్ అయిపోయుంటుంది.

కోడ్_కిమిడి

ఫోన్‌లోనే పనిచేసే పిన్ పెడతాం అక్కా. నెట్ దొరికిన రోజు మాత్రం ఓటీపీ ఒకసారి అడుగుతుంది.

సబ్‌సెంటర్_సిస్టర్

నాలుగంకెలు చాలు. ఆరు పెడితే ఫోన్ వెనకాల ప్లాస్టర్ అంటించి రాసుకుంటాం.